తాడు పట్టుకున్న మనిషి



దుబాయిలో పనిచేసే మన పిల్లలు సెలవు రోజున ఎడారికి వెళ్ళి ఫొటోలు పంపుతుంటారు. మధ్యాహ్నం జీపు వచ్చి ఎక్కించుకుంటుంది. ఇసుక దిబ్బల మీద ఎగిరిపడుతూ కొంతసేపు పరుగు, తర్వాత ఒంటె మీద నాలుగడుగులు, పొద్దుగూకాక గుడారంలో భోజనం, రాత్రికి ఇల్లు. ఫొటోలో ఒంటె ఉంటుంది, దాని మీద మన అబ్బాయి ఉంటాడు. తాడు పట్టుకుని ముందు నడిచే మనిషి మాత్రం సగమే కనిపిస్తాడు. అతడు పాకిస్తాన్ వాడు కావచ్చు, సూడాన్ వాడు కావచ్చు, మనవాడే కావచ్చు. కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి గల్ఫ్‌కు వెళ్ళి ఒంటెలు, మేకలు కాసేవాళ్ళున్నారని మనకు తెలియనిది కాదు. ఒకరికి ఒక పూట సరదా అయిన ఇసుకలోనే మరొకరు ఏళ్ళు గడపాలి.

దుబాయి సంగతి మనకెందుకు అనుకోవద్దు. అలాంటి ఒక్కరోజు యాత్ర మన గుమ్మం ముందే ఉంది. మన విచారణల నుంచి యువజనులు, కుటుంబాలు చలికాలంలో పాపికొండలు చూడబోవడం మామూలే. తెల్లవారుజామున వ్యాను, భద్రాచలం దాటి కూనవరం మీదుగా అడవి దారి, పోచవరం రేవులో లాంచీ. అది పేరంటాలపల్లిలో ఆగుతుంది. శివాలయం, వాగు చూసి దిగివచ్చే దారిలో కొండరెడ్లు వెదురుతో చేసిన పువ్వులు, బొమ్మలు పెట్టుకుని కూర్చుంటారు. మనం సగం ధరకు అడుగుతాం. బిడ్డను ఎత్తుకున్న తల్లిని ఒక్క మాటైనా అడగకుండా ఫొటో తీస్తాం. మైకు పట్టుకున్న గైడు కొండను చూపినట్టే మనుషులనూ చూపిస్తాడు. వినేవాళ్ళు ఉండబట్టే అతడు అలా చెబుతున్నాడు లెండి.

టిక్కెట్టు డబ్బులిచ్చాం కనుక లాంచీ వారికి మనం బాకీ లేము. మరి ఆ ఊరివాళ్ళకు?

"మనం వెళ్తేనే కదా వాళ్ళకు నాలుగు డబ్బులు వచ్చేది" అంటారు. కాదనను. లాంచీ రాని రోజున వెదురు పువ్వు కొనేవాడు లేడు. అందుకే వెళ్ళవద్దని నేను చెప్పబోవడం లేదు. కానీ కొన్నంత మాత్రాన లెక్క తీరిపోతుందా? సంతలో కూరగాయలమ్మే అవ్వను "ఏ ఊరమ్మా మీది?" అని పలకరించే మనం, వంద కిలోమీటర్లు పోయేసరికి ఎదుటి మనిషి ముఖం చూడటం ఎందుకు మరచిపోతాం? అక్కడికి "చూడటానికి" బయలుదేరాం కాబట్టి, అనే నాకు తోస్తుంది. చూడటానికి డబ్బు కట్టినవాడికి ఎదురుపడిందంతా దృశ్యమే.

2019 సెప్టెంబరు 15న ఏం జరిగిందో మరువలేము. దిగువన గండి పోచమ్మ గుడి దగ్గర బయలుదేరిన రాయల్ వశిష్ట అనే లాంచీ, గోదావరి వరద మీదున్నప్పుడు, కచ్చులూరు వద్ద మునిగిపోయింది. డెబ్భై మందికి పైగా ఎక్కితే ఇరవై ఆరుగురే బయటపడ్డారు. ప్రభుత్వ పడవలు చేరేలోపే ఆ ఒడ్డున ఉన్న గిరిజనులు తమ చిన్న పడవలు వేసుకుని ఆ ఉధృతిలోకి వెళ్ళారు, నీళ్ళలో కొట్టుకుపోతున్న వాళ్ళను పట్టి లాగారు. వాళ్ళెవరో లాంచీలోని వాళ్ళకు తెలియదు. లాంచీలోని వాళ్ళెవరో వీళ్ళకూ తెలియదు. అయినా వీళ్ళు ఆగి అడగలేదు. ప్రమాదం జరిగి ఉండకపోతే ఆ కచ్చులూరు మనకు ఏమై ఉండేది? లాంచీ కిటికీలోంచి ఒడ్డున కనబడి దాటిపోయిన కొన్ని తాటాకు కప్పులు, అంతే.

వచ్చినవాళ్ళంతా ఇలాగే చూసిపోయారని కాదు. 1940లలో హైమెన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా దేశపు పండితుడు ఈ కొండల్లోనే కొండరెడ్ల మధ్య మకాం పెట్టి, వాళ్ళ పోడు సేద్యాన్ని, కలప వ్యాపారుల చేతుల్లో వాళ్ళు పడుతున్న బాధలను రాసుకున్నాడు. ఆయన పుస్తకం 1945లో వచ్చింది. మనమందరం అలా నెలల తరబడి ఉండలేం, నిజమే. ఒక్క పూట ఉన్నా మాట్లాడవచ్చు.

మాట్లాడటానికి ఇంకెంత కాలం ఉందన్నదీ ఆలోచించాలి. పోలవరం ముంపు కోసమే 2014లో పాత ఖమ్మం జిల్లా మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. ప్రాజెక్టులో 150 అడుగుల మట్టానికి నీరు నిలిపితే ఇళ్ళు, భూములు పోయే కుటుంబాలు లక్షకు పైనే. అందులో కొండరెడ్లు, కోయలు ఎందరో. ఆ నీళ్ళు రేపు మైదానంలో ఎన్నో పొలాలను తడుపుతాయి, పట్టణాల దాహం తీరుస్తాయి. వాటి ఫలం తినేవాళ్ళలో మనమూ ఉంటాం. "మునిగిపోకముందే ఒకసారి చూసొద్దాం" అని బయలుదేరేవాళ్ళను నేను విన్నాను. ఆ మాటలో మునిగేది ప్రకృతి అందమే. మనిషి లేడు.

కొండరెడ్డికి వెదురంటే అమ్మకపు సరుకొక్కటే కాదు. ఇంటి గోడ, బుట్ట, చేపల మావు, విల్లు. మైదానంలో కట్టిన కాలనీలో ఇల్లు పక్కాదే కావచ్చు, కాని కొండ దూరమైతే వెదురూ దూరమే.

ఈ చలికాలం మీ విచారణ వ్యాను పోచవరం వెళ్తే, పేరంటాలపల్లి దారిలో కూర్చున్నవాళ్ళను ధర అడిగే ముందు ఊరు అడగండి. ఆ ఊరికి ముంపు ఉందా, ఉంటే ఎక్కడికి వెళ్ళమన్నారు, డబ్బు చేతికి వచ్చిందా అని అడగండి. లాంచీ హారన్ కొడుతుంది. కొట్టనివ్వండి, జవాబు పూర్తిగా విన్నాకే ఎక్కవచ్చు.