వంశానికి జరిగే హాని

ఒక చేపను చంపితే హాని ఆ చేపకు. చేపల వంశమే తరతరాలుగా చిన్నబారితే హాని ఎవరికి జరిగినట్టు? సముద్రపు చేపల జన్యు పరిశోధన నీతిశాస్త్రానికి తెచ్చిన చిక్కు ఇది.

కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ తీరంలో శతాబ్దాలుగా సాగిన కాడ్ వేటను, చేపలు అడుగంటడంతో, 1992 జులై 2న ప్రభుత్వం ఆపించింది. పాత సర్వేల లెక్కలు తిరగేసిన శాస్త్రజ్ఞులు 2004లో ఒక సంగతి బయటపెట్టారు. పతనానికి ముందే అక్కడి కాడ్‌లు చిన్న వయసులో, చిన్న ఒంటితోనే ఈడుకు రావడం మొదలైంది. ఆలస్యంగా ఈడుకొచ్చే చేప గుడ్లు పెట్టకముందే వలలో పడుతుంది; తొందరపడ్డది సంతానాన్ని మిగిల్చి పోతుంది.

పిల్లల్ని వదిలి పెద్దవాటినే పట్టాలన్న నియమం వినడానికి దయగానే ఉంటుంది. అమెరికాలో డేవిడ్ కానవర్, స్టీఫన్ మంచ్ సిల్వర్‌సైడ్ అనే చిన్న చేపను తొట్లలో పెంచి, ఒక గుంపులో పెద్దవాటిని, ఇంకోదాంట్లో చిన్నవాటిని తీసేస్తూ పోయారు. నాలుగు తరాలకే మొదటి గుంపు సగటు బరువు రెండోదానిలో దాదాపు సగమైంది. 2002లో వచ్చిన ఫలితమిది. నష్టం బరువుతో పోదు: 30 కిలోల కాడ్ తల్లి ఒక్కటి పెట్టే గుడ్లకు 2 కిలోల తల్లులు 28 కావాలి.

అయినా, చిన్నగా పుట్టిన చేపకు అన్యాయం జరిగిందనలేం. వేట అలా సాగకపోతే అది పుట్టేదే కాదు, దాని చోట మరొకటి ఉండేది. మనుషుల భావితరాల గురించి తత్వవేత్త డెరెక్ పార్ఫిట్ 1984లో చర్చించిన ప్రశ్నే ఇది. జైనుల అహింసకు లెక్క జీవి; వంశం జీవి కాదు. న్యాయవైశేషికులకు జాతి నిత్యం, వ్యక్తులు పోయినా దానికి చెరుపు లేదు. వీటికంటే బౌద్ధుల సంతాన భావన బాగా అమరుతుంది: నిత్యమైన ఆత్మ లేకున్నా కార్యకారణాలతో సాగే ధార. వాళ్లు చెప్పింది ప్రాణి చిత్తం గురించే, కాని ధారకు బలిమీ క్షీణతా ఉంటాయన్నది వంశానికీ వర్తిస్తుంది.

క్షీణత ఎంత లోతున్నది వేరే ప్రశ్న. 1907 నాటి నార్వే, 1940 నాటి కెనడా కాడ్‌ల పొలుసులు, చెవిరాళ్ల నుంచి డీఎన్‌ఏ తీసి ఇప్పటి చేపలతో పోల్చిన పరిశోధన 2021లో వచ్చింది. జన్యు వైవిధ్యం తరిగిన జాడ కనిపించలేదు. మార్పు ఎన్నో జన్యువుల్లో కొంచెం కొంచెంగా చెదిరి ఉండవచ్చు. తిండి, నీటి చలి తెచ్చిన తాత్కాలిక మార్పూ కావచ్చు. ఏదైనా, వైవిధ్యం మిగిలి ఉంటే తప్పు దిద్దుకోలేనిది కాదు, ప్రాయశ్చిత్తానికి చోటుంది.

పెద్ద తల్లులను వదలడం అందుకో దారి. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో లాబ్‌స్టర్లకు కనిష్ఠ పరిమాణంతోపాటు గరిష్ఠ పరిమాణమూ చట్టంలో ఉంది. అయితే బోనులో పడ్డ లాబ్‌స్టర్‌ను కొలిచి ప్రాణంతో వదలవచ్చు. లోతుల్లోంచి ట్రాల్ వలలో పైకొచ్చిన కాడ్‌కు ఈతతిత్తి ఉబ్బి పగులుతుంది, వదిలినా చాలాసార్లు బతకదు. దాన్ని కాపాడాలంటే అది గుడ్లు పెట్టే చోటికి వలే పోకూడదు.