వైద్యుల వాటా

శర్యాతి మహారాజు యజ్ఞం చేస్తున్నాడు. చ్యవన మహర్షి సోమపాత్ర అందుకుని అశ్వినీ దేవతలకు ఇవ్వబోయాడు. ఇంద్రుడు అడ్డుపడ్డాడు. వీళ్లు వైద్యులు, మనుషుల మధ్య తిరుగుతూ చాకిరీ చేసేవాళ్లు, మన పంక్తిలో కూర్చుని సోమం తాగే అర్హత వీళ్లకెక్కడిది అన్నది ఆయన అభ్యంతరం. మహాభారతం అరణ్యపర్వంలో ఉందీ కథ. ఇంద్రుడు వాళ్ల విద్యను తప్పుపట్టలేదు, చేతిగుణాన్నీ తప్పుపట్టలేదు. రోగమొచ్చిన మనుషుల దగ్గరికి దిగిపోయారన్నదే వాళ్ల నేరం.

చ్యవనుడికి అశ్వినులు చేసిన మేలు చిన్నది కాదు. పుట్టలో తపస్సులో ఉన్న ముని కళ్లను, మెరుస్తున్నవేమిటో అనుకుని రాకుమార్తె సుకన్య ముల్లుతో పొడిచింది. చివరికి ఆ ముసలి మునికే భార్య అయింది. అశ్వినులు వచ్చి ఆయన్ని కొలనులో ముంచి, పడుచువాడిగా పైకి తెచ్చారు. అంతకుముందు వాళ్లు సుకన్యను చూసి, ఈ ముసలాణ్ని వదిలేసి మాలో ఒకరిని చేసుకోమని కూడా అడిగారు. భారతం ఆ ముచ్చటను దాచలేదు. వైద్యులు మచ్చలేని మహానుభావులైతేనే వాళ్ల రుణం తీర్చాలని చ్యవనుడు అనుకోలేదు మరి.

ఇంద్రుడు వజ్రాయుధం ఎత్తితే ఆ చెయ్యి ఎత్తింది ఎత్తినట్టే నిలిచిపోయింది. ఒక దవడ నేల మీద, ఇంకొకటి ఆకాశంలో పెట్టుకున్న రాక్షసుడు హోమం నుంచి పుట్టి మింగడానికి వచ్చేసరికి ఇంద్రుడు దిగొచ్చాడు. ఆనాటి నుంచి అశ్వినులకు యజ్ఞంలో వాటా దక్కింది. నాకు ఈ కథలో నచ్చేది ఒక్కటే. చ్యవనుడు అశ్వినుల మీద స్తోత్రం చదివి ఊరుకోలేదు. వాళ్లకు న్యాయంగా రావలసింది ఏమిటో చూసి, దేవతల రాజుతో తగువు పెట్టుకుని మరీ ఇప్పించాడు.

మనకు అలవాటైన కృతజ్ఞత వేరు. "మీరు మా పాలిట దేవుడు డాక్టరుగారూ" అని చేతులు పట్టుకుంటాం. ఆ మాటలో ప్రేమ నిజం. కానీ దేవుడికి నిద్ర అక్కర్లేదు, ఆకలి వెయ్యదు, పైగా ఆయన ఏదైనా చెయ్యగలడు. డాక్టరును ఆ పీట మీద కూర్చోబెట్టాక, రోగి దక్కకపోతే అది దేవుడు చేసిన ద్రోహంలాగే కనిపిస్తుంది. పొద్దున దండం పెట్టిన చేతులే రాత్రికి క్యాజువాలిటీ అద్దాలు పగలగొట్టిన వార్తలు మనం తరచూ చదువుతూనే ఉన్నాం.

రామాయణంలో సుషేణుడనే వైద్యుడు ఉన్నాడు. రావణుడి శక్తి తగిలి లక్ష్మణుడు పడిపోయాడు. రాముడంతటివాడు యుద్ధం వద్దు, రాజ్యం వద్దు అని కుప్పకూలాడు. వాల్మీకి రామాయణంలో సుషేణుడు అప్పుడు మందు మాట ఎత్తడు. ముందు రోగిని చూస్తాడు. ముఖం రంగు మారలేదు, నల్లబడలేదు. అరచేతులు ఎర్రగానే ఉన్నాయి. కళ్లలో తేట ఉంది. గుండె కొట్టుకుంటోంది. ప్రాణం పోయినవాడి లక్షణాలు కావివి, దుఃఖపడకు అని రాముడికి చెబుతాడు. ఆపరేషన్ థియేటర్ తలుపు తీసుకుని వచ్చి, మాస్కు కిందికి లాగి, బయట కూర్చున్నవాళ్లకు నాలుగు ముక్కలు విడమరచి చెప్పే డాక్టరు నాకిక్కడ కనిపిస్తాడు. ఆ నాలుగు ముక్కలతోనే సగం ఊపిరి తిరిగి వస్తుంది. ఆ తర్వాతే హనుమంతుణ్ని పిలిచి ఏ కొండ మీద, ఏ మూలికలు తేవాలో చెప్పాడు. మూలిక ఏదో పోల్చుకోలేక హనుమంతుడు శిఖరాన్నే మోసుకొచ్చాడు. అందులోంచి కావలసినది ఏరి, నలిపి, లక్ష్మణుడి ముక్కు దగ్గర పెట్టింది మళ్లీ సుషేణుడే. జనం చెప్పుకునే కథలోనైతే ఆయన లంకలో వైద్యుడు, హనుమంతుడు ఇంటితో సహా ఎత్తుకొచ్చాడంటారు. శత్రువుల మనిషై ఉండి కూడా నాడి పట్టాడన్నది ఆ కథలో అందం. కొండ మోసినవాడికి ఊరూరా గుడి ఉంది, ఉండవలసిందే. మూలిక నలిపినవాడి పేరు మాత్రం పిల్లల్ని అడిగి చూడండి.

గండం గడవగానే మన ఇళ్లలో మొదట గుర్తొచ్చేది మొక్కు. ప్రాణం నిలబడితే నడిచి కొండెక్కుతానని, తలనీలాలు ఇస్తానని ఐసీయూ బయట కుర్చీలో కూర్చుని మొక్కుకున్నవాళ్లం ఎంతమందిమో. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. తిరుపతి సంగతే చూడండి. కొండ మీద మొక్కు తీర్చుకుని దిగివస్తే కింద అదే దేవస్థానం నడిపే బర్డ్ ఆసుపత్రిలో ఎముకలకూ కీళ్లకూ వైద్యం జరుగుతోంది. 2021 అక్టోబరులో పసిపిల్లల గుండె జబ్బుల కోసం శ్రీ పద్మావతి హృదయాలయాన్నీ అక్కడే తెరిచారు. స్వామి పేరున చేరిన సొమ్ము సర్జన్ చేతిలో కత్తెర కావడం కన్నా మంచి ప్రసాదం ఉంటుందా? దేవుడికీ డాక్టరుకూ పోటీ పెట్టేది మనమే. వాళ్లిద్దరికీ ఆ గొడవ లేదు.

చరకుడు చికిత్సకు నాలుగు పాదాలున్నాయన్నాడు. వైద్యుడు, మందు, పరిచారకుడు, రోగి. వైద్యుడికి చదువుతో పాటు చూసి చేసిన అనుభవం, నేర్పు, శుచి ఉండాలన్నాడు. పరిచారకుణ్ని ఆ వరసలోనే కూర్చోబెట్టాడు. సేవ ఎలా చెయ్యాలో తెలిసి ఉండాలి, చేతిలో పనితనం ఉండాలి, రోగి మీద ప్రేమ ఉండాలి, శుచిగా ఉండాలి. రాత్రి రెండు గంటలకు సెలైన్ సీసా మార్చే సిస్టర్, బెడ్‌పాన్ ముఖం ముడవకుండా తీసే ఆయమ్మ చరకుడి లెక్కలో వైద్యుడితో పాటు చికిత్సను నిలబెట్టే పాదం. హైదరాబాదు ఆసుపత్రుల్లో కేరళ నుంచి వచ్చిన సిస్టర్లు ఎందరో ఉన్నారు. వచ్చీరాని తెలుగులో "నొప్పి ఎక్కడ అమ్మా?" అని అడుగుతూ ముసలమ్మ మోచేతి దగ్గర నరం దొరక్కపోతే మెల్లగా తట్టి, వేడి గుడ్డ అద్ది, మళ్లీ వెతుకుతారు. డిశ్చార్జి రోజున స్వీటు డబ్బా పెద్ద డాక్టరు గదికి వెళ్తుంది. ఆ సిస్టర్ పేరు మనకు గుర్తుండదు.

కోవిడ్ రోజులు వచ్చినప్పుడు మన భక్తి ఎంత లోతో తేలిపోయింది. 2020 మార్చి 22 సాయంత్రం 5 గంటలకు దేశమంతా గుమ్మాల్లోకీ బాల్కనీల్లోకీ వచ్చి చప్పట్లు కొట్టింది, పళ్లేలు మోగించింది. నెల తిరక్కుండానే, ఏప్రిల్‌లో, నెల్లూరుకు చెందిన వైద్యుడొకరు ఆ జబ్బుతోనే చెన్నైలో చనిపోతే, మా శ్మశానంలో వద్దని అక్కడి జనం దహనానికి అడ్డుపడ్డారు. రోగిని ముట్టుకున్నాడు కాబట్టి పంక్తిలోకి రానివ్వం అన్న ఇంద్రుడి మాటే అది. 2024 ఆగస్టులో కోల్‌కతాలో సుదీర్ఘమైన డ్యూటీ మధ్య సెమినార్ హాల్లో నడుం వాల్చిన వైద్య విద్యార్థినికి జరిగిన ఘోరం తెలిసిందే. ఊరి ప్రాణాలు కాపాడే మనిషి గంటసేపు కన్ను మూయడానికి లోపల గడియ పెట్టుకునే గది కావాలి. సోమపాత్ర అంటే ఈ కాలంలో అదే. దాని కోసం తగువు పెట్టుకునే చ్యవనులే కరువు.

అసలు లేరనడం కూడా న్యాయం కాదు. ఆనా సారా కుగ్లర్ అనే అమెరికన్ వైద్యురాలు 1883లో గుంటూరు ప్రాంతానికి వచ్చి, 1898లో అక్కడ ఆసుపత్రి తెరిచారు. 1930లో ఆ ఊళ్లోనే కన్నుమూశారు. ఇప్పటికీ జనం కుగ్లర్ ఆసుపత్రి అంటారు. ఆమె చేతి వైద్యంతో మేలు పొందిన ఏలూరు జమీందారు ఒకరు కృతజ్ఞతగా ఆసుపత్రి ఎదురుగా సత్రం కట్టించారు, రోగులతో వచ్చే హిందూ కుటుంబాలు దిగడానికి. మిషన్ ఆసుపత్రిలో మంచినీళ్లు ముట్టడానికి కూడా చాలామంది వెనకాడిన రోజులవి. ఎదురుగా తమవాళ్లు ఉంటారన్న ధైర్యం ఉంటేనే ఎందరో ఆడవాళ్లు ఆ గడప తొక్కగలరు. ఆ దొరసానికి ఏ హారమో ఇచ్చి ఊరుకోకుండా ఆమె పనికి అడ్డమైన దాన్ని కనిపెట్టాడు ఆయన. నా దృష్టిలో చ్యవనుడి వారసుడంటే ఆయనే.

అందరం సత్రాలు కట్టించలేం. చరకుడు చెప్పిన నాలుగో పాదం రోగి కదా, ఆ పాదానికీ నాలుగు గుణాలు పెట్టాడు: జబ్బు మొదలైన నాటి నుంచి జరిగినవి గుర్తుంచుకోవడం, చెప్పినట్టు చెయ్యడం, జడుసుకోకపోవడం, బాధ దాచకుండా చెప్పడం. ఇందులో డబ్బుతో పనిలేదు. అయినా మనం తప్పేది రెండో దాని దగ్గరే.

మా ఊరి ప్రైమరీ హెల్త్ సెంటర్లో ఒక పెద్దాయన గోనెసంచి నిండా మునక్కాయలు తెచ్చి డాక్టరమ్మ బల్ల మీద పెట్టడం చూశాను. పోయినసారి ఆయాసంతో ఆయన్ని మోసుకొచ్చారట. 

"మా దొడ్లోవే డాక్టరమ్మా. నువ్వే బతికిచ్చావు."

ఆమె రెండు కాయలు తీసుకుని మిగతావి సిస్టర్ వైపు జరిపింది. ఆయన చొక్కా చెయ్యి పైకి మడిచి బీపీ పట్టా చుట్టింది. ముల్లు వంక చూసి కనుబొమలు ముడిచింది.

"మాత్రలు వేసుకుంటున్నావా పెద్దాయనా?"

"నిమ్మళించిందిగా, ఎందుకులే అని ఆపేశా తల్లీ."

"అయితే ఇవి పట్టుకెళ్లిపో. నెలరోజులు మాత్ర మానకుండా వేసుకుని, అప్పుడు తీసుకురా. పులుసు పెట్టుకుంటా."

పెద్దాయన కాసేపు ఆలోచించాడు. "అప్పటికి ముదిరిపోతాయమ్మా" అన్నాడు.

"మళ్లీ కాస్తాయిలే" అని ఆమె చీటీ మీద మాత్రల పేరు కింద గట్టిగా గీత గీసింది.