ఎల్-5 గిటార్‌కు కర్త ఎవరు?

కుండ ఉందంటే కుమ్మరి ఉన్నట్టే. జగత్తు కూడా కార్యమే కాబట్టి దానికీ కర్త ఉండి తీరాలన్నది న్యాయ దర్శనాన్ని అనుసరించే నైయాయికుల ఈశ్వరానుమానం, అంటే ఈశ్వరుడున్నాడని తేల్చే తర్కం. కర్త అంటే ఎవరో తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహ దీపికలో తేల్చి చెప్పాడు: ఉపాదానం, అంటే వస్తువు తయారయ్యే పదార్థం, గురించిన ప్రత్యక్ష జ్ఞానం, చేయాలన్న కోరిక, ప్రయత్నం ఉన్నవాడు. చేసిన వస్తువు దేనికి పనికొస్తుందో ముందే తెలిసి ఉండాలన్న నియమం అందులో లేదు. ఆ నాలుగో గుణాన్ని భక్తితో మనమే చేర్చుకుంటాం. కుమ్మరికి నీళ్ల అవసరమూ తెలుసు కనుక కుండ దగ్గర ఈ చేర్పు బయటపడదు. జాజ్ గిటార్ పుట్టుకలో బయటపడుతుంది.

మిషిగన్ రాష్ట్రంలోని కలమజూలో ఆర్విల్ గిబ్సన్ వయొలిన్ పలకలా వంపు తేలేట్టు చెక్కను చెక్కి మాండలిన్లు, గిటార్లు చేశాడు. 1898లో తన మాండలిన్‌కు పేటెంట్ పొందాడు. ఆయన పేరుతో వెలిసిన కంపెనీలో 1919లో చేరిన లాయిడ్ లోర్ హయాంలో, గిటార్ నడిమి రంధ్రం పోయి వయొలిన్‌కున్నట్టు రెండు ఎఫ్ ఆకారపు రంధ్రాలు వచ్చాయి. అదే 1922 నాటి ఎల్-5. లోర్ స్వయంగా మాండలిన్ విద్వాంసుడు. మాండలిన్ బృందాల కోసం తీర్చిన వాద్యాల వరుసలో ఈ గిటార్ ఒకటి. ఆ బృందాల మోజు అప్పటికే తగ్గిపోతోంది, 1924లో ఆయనా కంపెనీ వదిలేశాడు. కమానుతో కాక మీటితే, వంపు పలక మీద నాదం చురుగ్గా లేచి త్వరగా అణగిపోతుంది. జాజ్ బృందంలో ట్రంపెట్లు, డ్రమ్ముల మధ్య లయ స్పష్టంగా వినపడాలంటే సరిగ్గా అదే కావాలి. ఎడ్డీ లాంగ్ లాంటి జాజ్ గిటారిస్టులు దాన్ని పట్టుకున్నారు, బాంజో క్రమంగా పక్కకు తప్పుకుంది. ఈ సంగీతం లోర్ సంకల్పంలో లేదు. అయినా దీపిక లక్షణం ప్రకారం ఆయన నిస్సందేహంగా కర్తే. కర్త ఉన్నాడని రుజువైనంత మాత్రాన, మన బతుకు ప్రయోజనం ఆయన ముందే నిర్ణయించాడని రుజువు కాదని నేననేది ఇందుకే.

లోర్ అల్పజ్ఞుడు, ఈశ్వరుడు సర్వజ్ఞుడు, ఈ పోలిక చెల్లదంటారు. కానీ అనుమానానికి బలం దృష్టాంతం నుంచే రావాలి. దృష్టాంతంలో లేని గుణం దైవానికి కావాలంటే శ్రుతిని ఆశ్రయించాలి, కుండ చాలదు. ఇంతకంటే గట్టి ఆక్షేపం ఒకటుంది: ప్రయోజనాన్ని వాడినవాళ్లే కనిపెడితే చేసినవాడి పాత్ర నామమాత్రమేనా? కాదు. న్యూయార్క్‌లో వయొలిన్ పని నేర్చిన జాన్ డి'ఆంజెలికో 1932లో సొంత దుకాణం తెరిచి, ఎల్-5 నమూనాతోనే గిటార్లు మొదలుపెట్టాడు. జాజ్ వాళ్లకేం కావాలో అప్పటికి తెలుసు. అంటే వాడుకే తిరిగివచ్చి కర్త సంకల్పంగా మారింది. వాడేవాళ్ల దగ్గర నేర్చుకునే ఇలాంటి కర్తను మాత్రం నైయాయికుడు ఈశ్వరుడిగా ఒప్పుకోలేడు, అతని సిద్ధాంతంలో ఈశ్వర జ్ఞానం నిత్యం, కొత్తగా పుట్టేది కాదు.