గోడగా నిలబడ్డవాడు



లైన్‌మన్ అనగానే మన పల్నాడులో ఎవరికైనా కరెంటు స్తంభం ఎక్కే మనిషే గుర్తుకొస్తాడు. దీపం వెలుగుతున్నంతసేపూ అతని ఊసు ఎవరికీ పట్టదు. గాలివానకు తీగ తెగి, మిరప చేనుకు నీరు పెట్టే మోటారు ఆగిపోయినప్పుడే "లైన్‌మన్ ఎక్కడికి పోయాడు?" అని కేకలు వేస్తాం. అమెరికాలోనూ లైన్‌మన్ అనే పేరుతో ఒక మనిషి ఉన్నాడు. అతడు స్తంభం ఎక్కడు, బంతాట ఆడతాడు. కాని లోకం అతనిని చూసే తీరు మాత్రం ఇదే. అతని జీవితాన్ని ముందు పెట్టుకుని ఈ వారం రెండు ప్రశ్నలు వేసుకుందాం. ఎవరి కంటా పడకుండా ఇతరులను కాపాడే పనికి విలువ ఎక్కడినుండి వస్తుంది? ఆ కాపుదల చాటున సుఖంగా ఉన్నవారికి ఏమైనా బాధ్యత ఉందా?

అమెరికన్ ఫుట్‌బాల్ మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేత్తో విసురుతూ, చంకన ఇరికించుకుని పరుగెడుతూ ఆడే ఆట అది. జట్టుకు 11 మంది. బంతిని విసిరేవాణ్ణి క్వార్టర్‌బ్యాక్ అంటారు. పేరూ, డబ్బూ, పత్రికల్లో బొమ్మా ముందుగా అతనివే. అతని ముందు అయిదుగురు భారీ మనుషులు వరుసగా నిలబడతారు. ఒక్కొక్కరి బరువు 140 కిలోల దరిదాపుల్లో ఉంటుంది. వీరే ఆఫెన్సివ్ లైన్‌మన్లు. ఎదుటి జట్టువారు వచ్చి క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టకుండా తమ ఒంటితో ఆపడమే వీరి పని. మామూలుగా విసిరిన బంతిని పట్టుకునే హక్కు కూడా నియమాలు వీరికి ఇవ్వలేదు. నడుమ నిలబడే సెంటర్ బంతిని వెనక్కు అందిస్తాడు. మిగతా నలుగురికి ఆట మొత్తంలో బంతి తగలకపోయినా ఆశ్చర్యం లేదు. కుడిచేత్తో విసిరేవాడికి ఎడమ పక్కనుండి వచ్చే దెబ్బ కనబడదు. ఆ పక్క కాపలా కాసేవాణ్ణి లెఫ్ట్ టాకిల్ అంటారు. అతడు సరిగా కాపాడినంతకాలం అతని పేరు వినబడదు. ఎదుటివాణ్ణి అక్రమంగా పట్టి ఆపితే మాత్రం రిఫరీ పసుపు గుడ్డ విసిరి, అతని నంబరు మైకులో చదివి, జట్టును 10 గజాలు వెనక్కు నెడతాడు. మంచి చేస్తే మౌనం, తప్పు చేస్తే చాటింపు!

జో థామస్ అనే లెఫ్ట్ టాకిల్ సంగతి చూడండి. 2007లో క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ జట్టు అతణ్ణి తీసుకుంది. ఎంపిక జరిగిన రోజున, అందరిలా వేదిక దగ్గర కూర్చోకుండా, అతడు తండ్రితో కలిసి చేపలు పట్టడానికి వెళ్ళాడు. అప్పటినుండి 2017 అక్టోబరులో చేతి కండరం తెగేదాకా, తన జట్టు బంతి ఆడిన ఒక్కసారి కూడా అతడు మైదానం విడిచి వెళ్ళలేదు. వరుసగా 10,363 సార్లు! ఇంత చేసినా ఆ పదకొండేళ్ళలో అతని జట్టు ఒక్కసారి కూడా నాకౌట్ పోటీలదాకా రాలేదు. 2017లో ఆడిన 16 ఆటల్లో 16 ఓడిపోయింది. అతడు కాపాడిన క్వార్టర్‌బ్యాక్‌లు ఇద్దరో ముగ్గురో కాదు, దాదాపు ఇరవై మంది. వాళ్ళు వస్తూ ఉన్నారు, పోతూ ఉన్నారు. గోడ మాత్రం కదలలేదు.

ఇక్కడ మన మొదటి ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. పనికి విలువ గెలుపువల్లనే వచ్చేటట్లయితే జో థామస్ పదకొండేళ్ళూ వృథా. కీర్తివల్లనే వచ్చేటట్లయితే, 2023లో ఆ ఆట పెద్దలు అతని పేరును హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చేదాకా ఆ పనికి పూర్తి విలువ లేనట్లే. మనం అలా ఒప్పుకోగలమా? ఒప్పుకోలేం. వెనుక నిలబడ్డ మనిషి ఒళ్ళు విరగకుండా ఇంటికి వెళ్ళడమే ఆ పనికి విలువ. ఆ మనిషి ఆటలో గొప్పవాడా, కాడా అన్నది తరువాతి మాట. థామస్ తన వెనుకనున్నవాడి యోగ్యతను తూచి కాపాడలేదు. ఎవడు వచ్చి నిలబడితే వాడికే అడ్డుగా నిలబడ్డాడు. రాత్రంతా జబ్బు బిడ్డ పక్కన మేలుకున్న తల్లి పని ఇటువంటిదే. దానికి స్కోరు బోర్డు ఉండదు.

అయితే పాఠకులారా, ఇక్కడితో ఆగిపోతే మనం ఒక పెద్ద ప్రమాదంలో పడతాం. ఎందుకంటే ఓర్పును అందరికంటే ఎక్కువగా పొగిడేది ఆ ఓర్పువల్ల లాభపడేవాడే. "నీవు మౌనంగా భరించు, అదే నీ గొప్పతనం" అనడం యజమానికి ఎంత సులువు!

మైక్ వెబ్‌స్టర్ అనే సెంటర్ 1974 నుండి 1990 వరకు 17 సీజన్లు ఆడాడు. పిట్స్‌బర్గ్ స్టీలర్స్ జట్టు నాలుగుసార్లు సూపర్ బౌల్ గెలిచినప్పుడు అతడు ఆ జట్టులో ఉన్నాడు. 1997లో అతనికీ హాల్ ఆఫ్ ఫేమ్ గౌరవం దక్కింది. కాని ఆట మానాక జ్ఞాపకం చెదిరింది, కాపురం చెదిరింది, కొన్నాళ్ళు తన వాహనంలోనే పడుకున్నాడు. 2002లో 50 ఏళ్ళకే చనిపోయాడు. బెన్నెట్ ఒమాలు అనే వైద్యుడు అతని మెదడును పరీక్షించి, మళ్ళీ మళ్ళీ తగిలిన దెబ్బలవల్ల మెదడు క్షీణించే జబ్బును కనిపెట్టి 2005లో వైద్య పత్రికలో రాశాడు. లీగ్ కమిటీలోని వైద్యులు ఆ వ్యాసాన్ని వెనక్కు తీసుకోవాలని పట్టుబట్టారు. ఆటకూ ఈ జబ్బుకూ సంబంధం ఉందని లీగ్ అధికారి ఒకరు బహిరంగంగా ఒప్పుకున్నది 2016లో. ఆ మధ్యకాలంలో ఎంతమంది కుర్రవాళ్ళు తలలు ఢీకొట్టుకుని ఉంటారు!

తెలిసి ఇచ్చింది త్యాగం. తెలియనివ్వకుండా తీసుకున్నది దోపిడీ. బయటికి రెండూ ఒకేలా కనబడతాయి, రెండింటిలోనూ ఒక మనిషి ఒళ్ళు అరుగుతుంది. తేడా తెలుసుకోవడానికి మూడు ప్రశ్నలు చాలు. తనకు జరగబోయే హాని ఏమిటో అతనికి చెప్పారా? వద్దనుకుంటే వెళ్ళిపోయే దారి ఉందా? పని అయిపోయాక అతణ్ణి ఎవరైనా చూసుకుంటారా?

రెండవ ప్రశ్నకు జాన్ అర్షెల్ జీవితం ఒక సాక్ష్యం. బాల్టిమోర్ రేవెన్స్ జట్టు లైన్‌మన్ అతడు, గణితంలో దిట్ట. 2017 జులైలో ఒక పరిశోధన వెలువడింది. చనిపోయిన 111 మంది లీగ్ ఆటగాళ్ళ మెదళ్ళను పరీక్షిస్తే 110 మందిలో ఆ జబ్బు కనబడింది. లక్షణాలు ఉన్నవారి కుటుంబాలే ఎక్కువగా మెదడును దానం చేసి ఉంటాయి కాబట్టి అందరికీ అలాగే అవుతుందని అనలేం. అయినా రెండు రోజులకే అర్షెల్ 26 ఏళ్ళ వయసులో ఆట మానేశాడు. తరువాత ఎం.ఐ.టి.లో డాక్టరేటు పొంది అక్కడే గణితం బోధిస్తున్నాడు. అతడు పిరికివాడా? కాడు. అతనికి నిజం తెలిసింది, వేరే దారి చేతిలో ఉంది. ఆ రెండూ లేనివాడు పనిలో నిలిచిపోతే దాన్ని వీరత్వమని పొగిడి చేతులు దులుపుకోవడం న్యాయం కాదు.

ఇప్పుడు మన నేలమీదికి వద్దాం. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్‌ను వేలాది కూలీలు రాయిమీద రాయి పేర్చి 124 మీటర్ల ఎత్తున నిలబెట్టారు. 1967లో కాలువలకు నీరు వచ్చింది. కుడి కాలువ కింద పండే ప్రతి గింజలో వారి చెమట ఉంది. నెహ్రూ పేరు మనకు తెలుసు. రాళ్ళు మోసినవారిలో ఒక్కరి పేరైనా చెప్పగలమా? కారంపూడిలో ఏటా కార్తీకమాసంలో పల్నాటి వీరులను తలుచుకుంటాం. యుద్ధంలో పడిపోయినవారిని పూజించడం మనకు తెలుసు. దెబ్బలతో బతికి మిగిలినవారిని చూసుకోవడమే ఇంకా సరిగా రాలేదు. పిడుగురాళ్ళ సున్నపు బట్టీల దగ్గర దుమ్ము పీల్చేవాడు, యార్డులో మిర్చి టిక్కీలు మోసి నడుము పోగొట్టుకున్న హమాలీ, లైన్ క్లియర్ ఇచ్చారో లేదో తెలియకుండానే స్తంభమెక్కే కుర్రవాడు, వీరంతా మన ముందు వరుసలో నిలబడ్డవారే.

మీరు కూడా ఎవరో ఒకరి చాటున నిలబడే ఉన్నారు. ఆ మనిషి ఎవరో గుర్తుపట్టండి. పొరపాటు జరిగిన రోజునే కాక, అంతా సవ్యంగా సాగిన రోజున కూడా పేరుపెట్టి పిలవండి. మీరు పని ఇచ్చేవారైతే ఆ పనిలోని ప్రమాదం ముందే చెప్పండి, చేతి తొడుగులకూ ముఖానికి గుడ్డకూ లెక్కలు చూడకండి. అతడు ఇక చేయలేనన్న రోజున మాట అనకుండా పంపండి, పంపాక మరిచిపోకండి. ఇంట్లో అయితే ఇంకా సులువు. అందరికీ వడ్డించి చివరకు తినే మనిషిని ఈ పూట మీతో కూర్చోబెట్టండి.

గోడకు నోరు లేదని మనం అనుకుంటాం. గోడగా నిలబడ్డది మనిషి. అడిగితే చెబుతాడు. అడగడం మన వంతు.