కాదన్నది ఎవరు?

ఒక కౌలు రైతు పంట రుణానికి దరఖాస్తు పెట్టుకున్నాడు. బ్యాంకు వాడే ఏఐ మోడల్ తక్కువ స్కోరు ఇచ్చింది, ఫైలు పక్కకు పోయింది. ఇందులో కర్త ఎవరు? ఈ ప్రశ్న నాకు పురాణ కాలక్షేపంలో తగల్లేదు, ఆఫీసులో తగిలింది.

మాది మాచర్ల. నరసరావుపేటలో బీటెక్ చేసి, హైదరాబాద్‌లో టెక్నాలజీ కన్సల్టింగ్‌లో చేరాను. మొదట్లో బ్యాంకుల సాఫ్ట్‌వేర్‌కు రూల్స్ రాసేదాన్ని. భూమి ఇంత ఉంటే, పాత బాకీ లేకపోతే, అప్పు ఇంత. ఆ లైను ఎవరు రాశారో, ఎవరు సరేనన్నారో వెతికితే పేరు దొరికేది. ఏఐ వచ్చాక పద్ధతి మారింది. పాత రుణాల లెక్కలన్నీ మోడల్‌కు ఇస్తే, ఎవరు తీరుస్తారో ఎవరు ఎగ్గొడతారో అదే అంచనా కడుతుంది. కౌలు రైతుకు ఇవ్వొద్దని అందులో ఎవరూ రాయలేదు. కాని పల్నాడులో మిర్చి వేసే కౌలుదారు పేరు ఆ లెక్కల్లో చాలావరకు ఉండదు. పాస్‌బుక్ భూమి ఆసామిది, బ్యాంకు అప్పు ఆసామి పేరున. కౌలుదారు పెట్టుబడికి కమీషన్ వ్యాపారి దగ్గరికో, ఊళ్ళో వడ్డీకిచ్చేవాళ్ళ దగ్గరికో వెళతాడు. 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చి, పదకొండు నెలల ఒప్పందం మీద కార్డు ఇస్తామన్నారు. దానికీ ఆసామి సంతకం కావాలి. సంతకం పెడితే పొలం చేజారుతుందేమోనని ఆసాముల భయం.

మా నాన్న కౌలుకే మిర్చి వేశారు. ఆయన తీర్చిన అప్పులన్నీ ఎర్ర అట్ట పుస్తకంలో ఉన్నాయి: తేదీ, అసలు, వడ్డీ, చివర ‘చెల్లు’ అని అప్పిచ్చినాయన చేతిరాత. ఆ పుస్తకం ఏ మోడల్‌కూ కనపడదు. కాబట్టి మీటింగులో ఎవరైనా “అది మోడల్ డెసిషన్” అన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది.

ఒక ఫలితానికి ఒకే కర్తను చూపించడం ఎంత కష్టమో మా వైపు ఎత్తిపోతల జలపాతం దగ్గర తెలుస్తుంది. అక్కడ చంద్రవంక వాగు 70 అడుగుల పైనుంచి పడుతుంది. నక్కల వాగు, తుమ్మల వాగు అందులోనే కలిసి ఉంటాయి. వ్యూ పాయింట్ దగ్గర నిలబడి ఈ ధార ఏ వాగుదని అడిగితే ఎవరు చెప్పగలరు? వానల్లేని రోజుల్లో నాగార్జునసాగర్ నీళ్ళు వదిలితేనే చూడవచ్చినవాళ్ళకు ధార కనిపిస్తుంది. అంటే ఆ నీటిలో వాన ఉంది, అడవి ఉంది, 1955లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆనకట్ట ఉంది, గేటు ఎత్తిన ఉద్యోగి చెయ్యి కూడా ఉంది.

ఆ ఆనకట్ట వెనక మునిగిన లోయలోనే ఇక్ష్వాకుల విజయపురి ఉండేది. అక్కడి కొండ ఆచార్య నాగార్జునుడి పేరు మోస్తోంది. ఏదీ తనంత తానుగా లేదనీ, కారణాలు కూడితేనే ఉందనీ ఆయన శూన్యవాదం. కర్త కూడా స్వతంత్రంగా లేడని మూలమధ్యమకకారికలో ఒక ప్రకరణమంతా వాదించాడు. తప్పించుకోవాలనుకునేవాడికి ఇంతకంటే ఏం కావాలి? కర్తే లేనప్పుడు తప్పెవరిది? అయితే రాజుకు హితవుగా చెప్పిన రత్నావళిలో అదే నాగార్జునుడు, దెబ్బతిన్న రైతులకు విత్తనాలూ తిండీ ఇవ్వమన్నాడు, పన్నులు తగ్గించమన్నాడు. కరువు తెచ్చింది రాజు కాకపోవచ్చు. రైతు మళ్ళీ నిలబడడానికి కావలసిన కారణాల్లో మాత్రం రాజు ఒకడు. నాకు అర్థమైనంతలో శూన్యవాదం బాధ్యతను తుడిచేయదు, ఇంకా ఎక్కువమందికి పంచుతుంది. డేటా ఇచ్చిన బ్యాంకు, మోడల్ కట్టిన మేము, స్కోరు చూసి ఫైలు పక్కన పెట్టిన ఆఫీసరు, అందరం ఆ ‘కాదు’లో ఉన్నాం.

భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయం కూడా పనికి ఒక్క కర్తను కాక ఐదు కారణాలు చెబుతుంది: అధిష్ఠానం, కర్త, కరణం, చేష్ట, దైవం. మోడల్ కరణం, అంటే పనిముట్టు. కరణాన్ని కర్త పీట మీద కూర్చోబెట్టి మనం లేచిపోతున్నాం. “పని చెయ్యి, ఫలితం ఆలోచించకు” అని గీతనే అడ్డం పెట్టుకునే సహోద్యోగులున్నారు. వదులుకోమన్నది నాకు రాబోయే లాభం మీద ఆశను. అవతలివాడికి తగిలే దెబ్బను చూడొద్దని కృష్ణుడు ఎక్కడ చెప్పాడు?

ఇప్పటి ప్రాజెక్టు పత్రంలో ఒక గడి చేర్చాను. మోడల్ వద్దన్న ప్రతి కౌలు రైతు దరఖాస్తునూ ఒక మనిషి చదవాలి, కారణం తెలుగులో రాయాలి, కింద తన పేరు పెట్టాలి. ఆలస్యమవుతుందని, ఖర్చు పెరుగుతుందని క్లయింటు అంటున్నారు. నిజమే, పెరుగుతుంది. గడి తీసేయమని మెయిల్ వచ్చింది. ఎవరు తీయమన్నారో ఆ పేరు పత్రంలో రాస్తే తీస్తానని జవాబిచ్చాను.