తెల్లవారకమునుపు చెరసాలలో

చదువరీ, గ్రీకుల తత్వశాస్త్రము నీకేల యని మా సంఘపెద్దలు నన్నడిగిరి. ప్లేటో వ్రాసిన 'క్రిటో' అను చిన్న గ్రంథమునుగూర్చి చెప్పెదను, వినుము.

క్రీ.పూ. 399లో ఏథెన్సువారు సోక్రటీసుకు మరణశిక్ష విధించిరి. (తరువాతి కాలమున పౌలు ప్రసంగించిన పట్టణమదే.) తెల్లవారకమునుపే క్రిటో అను స్నేహితుడు చెరసాలకు వచ్చి, సొమ్ము సిద్ధముగా నున్నది, పారిపొమ్మని బతిమాలెను, బిడ్డలను దిక్కులేనివారిని చేయుదువా యనియు అడిగెను. ముగ్గురు కుమారులలో ఇద్దరింకను పసివారు. డెబ్బదియేండ్ల ఆ వృద్ధుడు విచారించినది ముఖ్యముగా ఒక్కటే: మనకు అన్యాయము జరిగినను, తిరిగి మనము అన్యాయము చేయవచ్చునా? కూడదని తేల్చుకొని అక్కడనే యుండెను.

ఆ పసివారి తలంపు వచ్చి నేను పుస్తకము మూసితిని. ఐనను ఆయన మాట కాదనలేకపోతిని. పొలము గట్టు జరిపిన పొరుగువానిమీద నేను వ్రాసిన అర్జీ ఆ పుస్తకములోనే యున్నది. అందులో సగము నేను కల్పించినదే. దానిని రేపు దాఖలు చేయవలెను.