ఏ పేరైనా ఎవరిదో అడుగు, తల్లీ

తల్లీ, ఝార్ఖండ్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ (జేపీఎస్సీ) పరీక్షకని నువ్వు రాసుకుంటున్న నోటుపుస్తకం చూశాను. సింగ్‌బోంగా, మరాంగ్ బురు, జాహేర్ ఆయో, నాయకే, పాహన్, బిర్సా ముండా. ఎడమ పక్క పేరు, కుడి పక్క రెండు ముక్కల అర్థం. మార్కులకు అంతే చాలేమో. కానీ రేపు నువ్వు ఈ రాష్ట్రంలో ఏ బ్లాకు ఆఫీసులోనో కుర్చీలో కూర్చుంటే, నీ ఎదుటికి అర్జీ పట్టుకుని వచ్చేది ఆ పేర్లు తమవైన మనుషులే. అందుకే చెబుతున్నాను, కాస్త విను.

మరాంగ్ బురు ఎదురుగా ‘శివుడు’ అని రాశావు. అది కొట్టెయ్యి. నీకు సులువుగా గుర్తుంటుందని అలా రాశావని తెలుసు. అయితే సంతాలీల మరాంగ్ బురు వాళ్ళ కొండదేవుడు, వాళ్ళ కథల్లోనివాడు. ఆయనకు గుడి కట్టరు. సాల చెట్ల కింద జాహేర్‌థాన్ అనే పవిత్రవనంలో కొలుస్తారు. మన దేవుడి పేరు తగిలించడం గౌరవంలాగే అనిపిస్తుంది కానీ, అలా చేస్తే వాళ్ళ కథ మన నోట్లో పడి మాయమైపోతుంది.

మన శ్రీకాకుళం వైపు సంగతే తీసుకో. శ్రీకూర్మంలో తాబేలు రూపంలో ఉన్నది విష్ణువు. పాలసముద్రం చిలికినప్పుడు మందరపర్వతాన్ని వీపున మోశాడని పురాణం. సంతాలీల సృష్టికథలోనూ తాబేలు ఉంది. మొదట అంతా నీరే. సృష్టికర్త ఠాకుర్ జీవు చేసిన హంస జంటకు నిలవడానికి చోటు లేదు. ఒక్కొక్క ప్రాణీ ప్రయత్నించి ఓడిపోయాక, చివరికి వానపాము అడుగునుంచి మట్టి తెచ్చి తాబేలు వీపు మీద పోసింది. అలా నేల పుట్టింది. ఆ హంసల గుడ్లలోంచి పిల్చూ హరామ్, పిల్చూ బూఢీ అనే మొదటి ఆలుమగలు వచ్చారు. రెండిట్లోనూ తాబేలుందని రెంటినీ ఒకటి చేస్తే, లోకాన్ని నిలబెట్టిన వానపాము ఎక్కడికి పోవాలి? నాకు ఆ వానపామంటే చాలా ఇష్టం. అంత చిన్న ప్రాణికి అంత పెద్ద పని అప్పజెప్పిన కథ మన పురాణాల్లో నాకు కనబడలేదు.

శ్రీకూర్మమే ఇంకో సంగతి నేర్పుతుంది. కూర్మావతారం పురాణం. రామానుజులు వచ్చేదాకా అది శివాలయమన్నది జనం చెప్పుకునే మాట. మధ్వాచార్యుల శిష్యుడు నరహరితీర్థులు మాత్రం చరిత్ర. ఆయన 1281 నాటి శాసనం ఆ గుడిలో రాతి మీద ఉంది. ఒకే గుడిలో మూడు రకాల పేర్లు. దేన్నీ చిన్నచూపు చూడొద్దు, ఒకదాన్ని ఇంకోదానిలో కలపనూ వద్దు.

బిర్సా దగ్గర ఇంకా జాగ్రత్తగా ఉండాలి. మన జంషెడ్‌పూర్‌లో టెల్కో పక్కనే బిర్సానగర్ ఉంది. రోజూ ఆ పేరు పలుకుతాం కనుక ఆయన మనకు బాగా తెలుసనుకుంటాం. 1875 నవంబర్ 15న పుట్టిన ముండా కుర్రాడు. చాయిబాసా మిషన్ బడిలో చదివాడు, తర్వాత వైష్ణవ గురువు దగ్గర కొంతకాలం ఉన్నాడు. రెంటినీ దాటి, 1895 నాటికి తన మాట తాను చెప్పాడు: బలులు మానండి, సారా మానండి, ఒక్క దేవుణ్ణి కొలవండి. ఆయన బతికుండగానే జనం ‘ధర్తీ ఆబా’ (నేలతండ్రి) అన్నారు. 1899 చివర ఉల్‌గులాన్ అనే మహా తిరుగుబాటు లేచింది. 1900 జూన్ 9న రాంచీ జైల్లో చనిపోయాడు. అప్పటికి పాతికేళ్ళు కూడా నిండలేదు. ఆ తిరుగుబాటు ఊరికే పోలేదు. 1908లో ఛోటానాగ్‌పూర్ కౌలుచట్టం వచ్చింది. ఛోటానాగ్‌పూర్ వైపు ఆదివాసీ భూముల అర్జీ నీ బల్ల మీదికి వస్తే నువ్వు తెరిచేది ఆ చట్టాన్నే. 2000లో ఆయన పుట్టినరోజునే ఝార్ఖండ్ ఏర్పడింది. ఆయన్ని దేవుడిగా కొలిచేవాళ్ళున్నారు, తప్పేమీ లేదు. నువ్వు మాత్రం తేదీలు వదిలి ఆయన్ని పురాణంలోకి ఎత్తెయ్యకు. మేడారంలో సమ్మక్కను తల్లిగా మొక్కే కోయలకు ఈ సంగతి చెప్పనక్కర్లేదు. పోరాడి పోయిన మనిషి దేవత కావడం వాళ్ళెరుగుదురు.

ఇంకో చిన్న మాట. ‘పూజారి’ అని అందరినీ ఒకే గాటన కట్టకు. సంతాలీలకు నాయకే, ముండాలకు పాహన్, హోలకు దియూరి. వసంతంలో సాలపూల పండుగ ముండాలకు సర్హుల్, సంతాలీలకు బాహా. అలాగే ఈ ఊరికి పేరిచ్చిన జంషెడ్జీ పార్సీ. పార్సీలను ‘అగ్నిపూజకులు’ అని రాయకు. వాళ్ళు కొలిచేది అహుర మజ్దాను, అగ్ని ఆయన ఎదుట వెలిగే పవిత్రజ్యోతి.

ఈ ఆదివారం గైడు పక్కన పెట్టు. నీ క్లాసులో సంతాలీ పిల్ల ఉంటే వాళ్ళ నాయనమ్మ దగ్గరకు తీసుకెళ్ళమని అడుగు. పిల్చూ హరామ్ కథ ఆవిడ చెప్పినట్టే రాసుకుని, గైడులో ఉన్నది కొట్టెయ్యి. వాళ్ళు పిలవకుండా మాత్రం జాహేర్‌థాన్‌లో అడుగు పెట్టకు.